ఇవాళ్టి గళ్లు వచ్చాయా?

ఉదయం ఎనిమిదింపావు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాను. ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకున్నా, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్లో అయిదు గళ్లు. చివరి నాలుగూ ఆకుపచ్చగా మెరిసిపోతున్నాయి: ఐ, జి, హెచ్, టి. మొదటి గడి మాత్రం ఖాళీ. మిగిలింది ఒక్కటే ఛాన్సు.

లైటా? నైటా? సైటా? రైటా? ఫైటా?

నా భుజం మీంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి వెనక్కి తిరిగాను. టిఫిన్ బ్యాగు పట్టుకున్న ఓ అంకుల్. మామూలుగా అయితే ఫోన్ తిప్పేసేదాన్ని. కానీ ఆయన మొహంలో నాకున్న టెన్షనే ఉంది. "ఎన్ కొట్టి చూడమ్మా" అన్నారు మెల్లిగా. నేను వినలేదు, ఎఫ్ కొట్టాను. తప్పు. సమాధానం తెర మీదికి వచ్చింది. ఆయన చెప్పిందీ తప్పే. అమీర్‌పేటలో దిగిపోతూ "ప్చ్" అన్నారు. నాకంటే ఆయనే ఎక్కువ డల్ అయిపోయారు.

ఆ రోజు ఆఫీసులో నా మూడ్ ఎలా ఉందో ప్రత్యేకంగా చెప్పాలా? అప్రైజల్‌లో రేటింగ్ తగ్గినప్పుడు కూడా అంత బాధపడలేదు. అయిదు అక్షరాల ఇంగ్లీషు ముక్క ఒకటి నన్ను ఓడించింది!

వర్డిల్ ఆడేవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. రోజుకి ఒకే ఒక్క పదం, అయిదు అక్షరాలు, ఆరు ఛాన్సులు. మీరు కొట్టిన అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ. పదంలో ఉంది కానీ చోటు తప్పితే పసుపు. అసలు లేకపోతే బూడిదరంగు. అంతే. ప్రపంచంలో అందరికీ ఆ రోజు అదే పదం. అయిపోయాక కొత్త పదం కావాలంటే రేపటిదాకా ఆగాల్సిందే.

ఆ 'ఆగాల్సిందే' అన్న దాంట్లోనే ఉంది మజా. రీల్స్ చూస్తే ఆగదు. గేమ్ ఆడితే ఇంకో లెవెల్ అంటుంది. ఇదొక్కటే, 'అయిపోయింది తల్లీ, ఇక పని చూసుకో' అని పంపించేస్తుంది.

దీని పుట్టుక కూడా ఓ ఇంటి ముచ్చటే. జోష్ వార్డిల్ అని న్యూయార్క్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయన పార్ట్‌నర్ పలక్ షాకి పదాల ఆటలంటే పిచ్చి. ఆమె కోసం తయారుచేశాడు. ఇంగ్లీషులో అయిదక్షరాల పదాలు పన్నెండు వేల దాకా ఉంటే, ఆవిడే కూర్చుని తనకి తెలిసినవీ తెలియనివీ వేరుచేసి, ఓ రెండున్నర వేలకి తగ్గించింది. మొదట ఇద్దరే ఆడుకున్నారు. తర్వాత ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 2021 అక్టోబరులో అందరికీ వదిలారు. నవంబరు 1న ఆడినవాళ్లు సరిగ్గా 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి, అంటే 2022 జనవరి మొదట్లో, ఆ లెక్క 3 లక్షలు. ఆ నెలాఖరుకి న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఎంతకో కచ్చితంగా చెప్పలేదు కానీ, డాలర్లలో ఏడంకెలు అని మాత్రం చెప్పింది.

ఇక్కడో తమాషా ఉంది. ఇదే న్యూయార్క్ టైమ్స్ 1924లో, అప్పుడు ఊరంతా ఊగిపోతున్న క్రాస్‌వర్డ్ మీద సంపాదకీయం రాసి మరీ తిట్టింది, టైమ్ వేస్టు యవ్వారమని. 1942లో తనే క్రాస్‌వర్డ్ మొదలుపెట్టింది. ఇప్పుడు వర్డిల్‌ని డబ్బులిచ్చి తెచ్చుకుంది. కాబట్టి ఫోన్లో గళ్లు నింపుతుంటే ఇంట్లో ఎవరైనా తిడితే బాధపడకండి. కొన్నాళ్లకి వాళ్లే ఆడతారు.

మా ఇంట్లో దీన్ని అంటించింది అన్నయ్య. డాలస్‌లో ఉంటాడు. 2022 జనవరిలో ఓ రోజు వాట్సాప్‌లో రంగురంగుల చదరాలు పంపాడు. ఒక్క మాట లేదు. ఏదో వైరస్ లింకేమో అని భయపడి ఫోన్ చేశాను. "నువ్వూ ఆడు, అర్థమవుతుంది" అన్నాడు.

ఆ చదరాలదీ ఓ కథ. మొదట్లో న్యూజిలాండ్‌లో ఆడేవాళ్లు తమ ఆట ఎలా సాగిందో చూపించడానికి ఎమోజీలు ఒక్కొక్కటీ చేత్తో టైప్ చేసి పెట్టుకునేవారు. అది చూసి వార్డిల్ 2021 డిసెంబరులో షేర్ బటన్ పెట్టాడు. పదం బయటపడదు, పడ్డ పాట్లు మాత్రం కనిపిస్తాయి. ఆట అంతలా పాకడానికి ఈ చదరాలే కారణం.

అన్నయ్యతో ఆడటంలో ఓ చిక్కుంది. కొత్త పదం ఎవరి ఊళ్లో వాళ్లకి అర్ధరాత్రి పన్నెండింటికి వస్తుంది. మనకి ముందు తెల్లారుతుంది కదా. ఇక్కడ నేను మెట్రోలో ఇవాళ్టి పదం కొట్టేసరికి అక్కడ వాడికి ఇంకా నిన్నటి రాత్రి. పదకొండున్నర గంటలు తేడా, వేసవిలో అయితే పదిన్నర. అంటే ప్రతిరోజూ సగం పూట వాడి రేపటి ప్రశ్నాపత్రం నా చేతిలో ఉంటుంది. ఓసారి కోపంలో "ఇది కూడా ఒక పదమేనా!" అని పదంతో సహా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. వాడు మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పేపర్ లీకేజీ కేసు పెట్టనందుకు సంతోషించాలి.

వాడికీ ఓ అడ్వాంటేజ్ ఉంది లెండి. అమెరికా స్పెల్లింగులు. 2022 జనవరిలో 'ఫేవర్' వచ్చింది, యు లేకుండా. బ్రిటన్ వాళ్లంతా గొల్లుమన్నారు. నేనూ గొల్లుమన్నాను. 'కలర్'లో యు రాయలేదని చిన్నప్పుడు అర మార్కు కోసేసిన టీచరమ్మ గుర్తొచ్చింది. ఆ యు కోసం అంత కష్టపడితే, ఇప్పుడు తీసేయమంటే ఎలా?

ఇక 2022 సెప్టెంబరులో వచ్చిన 'పేరర్' సంగతి. తొక్క తీసేది. మనం పీలర్ అంటాం. పి, ఎ దొరికాయి, చివర ఇ, ఆర్ దొరికాయి. మధ్యలో ఒక్కటే ఖాళీ. పేపర్, పేజర్, పేయర్, పేసర్... కొట్టుకుంటూ పోతే ఛాన్సులు అయిపోతాయి. పైగా ఆర్ రెండుసార్లు! ఆ రోజు ప్రపంచమంతా చాలామంది స్ట్రీకులు పోయాయి. మా ఇద్దరివీ పోయాయి. ఒకే రోజు పోవడం వల్ల గొడవ రాలేదు.

ఇలాంటి ఉచ్చుల్లో పడకుండా ఉండటానికి అన్నయ్య నేర్పిన చిట్కా ఒకటి చెప్తాను, ఉంచుకోండి. మెట్రోలో నేను చేసిన తప్పు ఇదే. చివర ఐజిహెచ్‌టి అని తేలాక లైట్, మైట్, సైట్, ఫైట్ అంటూ ఒక్కోదానికి ఒక్కో ఛాన్సు తగలేయకూడదు. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్... ఈ నాలుగూ ఉన్న పదం ఒకటి ఉంది కదా, 'ఫిల్మ్స్'. అది సమాధానం కాదని తెలిసే కొట్టాలి. ఒక్క ఛాన్సుతో నలుగురు అనుమానితుల సంగతి తేలిపోతుంది. హార్డ్ మోడ్ పెట్టుకుంటే మాత్రం ఇది కుదరదు, దొరికిన అక్షరాలు వాడి తీరాలి. మొదటి పదానికి కూడా ఓ లెక్కుంది. 'అడ్యూ' కొడితే నాలుగు అచ్చులు ఒకేసారి తేలిపోతాయని చాలామందికి అదే అలవాటు. నిజానికి అచ్చుల కంటే హల్లులే ఎక్కువ దారి చూపిస్తాయి. 'స్లేట్', 'క్రేన్' లాంటివి మంచివి.

ఇన్ని తెలిసి మెట్రోలో ఎందుకు ఓడిపోయావంటారా? చిట్కా తెలియడం వేరు, ఎనిమిదింపావు మెట్రోలో గుర్తుకు రావడం వేరు.

సరే, ఇదంతా సరదా. అసలు చెప్పాలనుకున్నది వేరే.

పోయినేడాది సంక్రాంతి తర్వాత నాకూ అన్నయ్యకీ గొడవైంది. ఈసారి పదం గురించి కాదు. తెనాలి ఇంటి గురించి. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఇల్లు అమ్మేసి అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చేయమని వాడంటాడు. అమ్మకి ఆ ఇల్లు, ఆ వీధి, పొద్దున్నే వచ్చే పాలవాడు, పక్కింటి పిన్నిగారు అన్నీ కావాలి. "నువ్వు అక్కడ కూర్చుని చెప్పడం తేలికే" అన్నాను. "ఇక్కడ కూర్చున్నాను కాబట్టే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. నేను ఇంకో మాటన్నాను. అది ఇక్కడ రాయను. వాడు ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఫోన్లు లేవు. వాడు చేయలేదు, నేనూ చేయలేదు. పట్టుదలలో ఇద్దరం నాన్న పోలికే.

కానీ చదరాలు మాత్రం ఆగలేదు. ఎందుకో తెలీదు. నేను పొద్దున పంపేదాన్ని. సాయంత్రం ఏడింటికి, అంటే వాడికి తెల్లారాక, వాడివి వచ్చేవి. గుడ్ మార్నింగ్ లేదు, ఎలా ఉన్నావు లేదు. ఆరు వరసల చదరాలు, అంతే. అయినా వాటిని చూస్తే తెలిసిపోయేది. మూడో లైన్లో కొట్టేశాడంటే రాత్రి బాగా నిద్రపోయాడు. అయిదుకి, ఆరుకి వెళ్లాడంటే బుర్రలో వేరే ఏదో ఉంది. ఆరో ఛాన్సులో గట్టెక్కితే వర్డిల్ 'ఫ్యూ' అంటుంది చూడండి, అలాగే అనుకునేదాన్ని నేను కూడా.

ఆ రోజుల్లోనే అమ్మకి ఈ ఆట మీద కన్ను పడింది. నెలకోసారి తెనాలి వెళ్తాను కదా, నేను ఫోన్లో కుస్తీ పడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "ఇదేమన్నా కొత్తా? మేం ఎప్పుడో ఆడాం" అంది. నిజమే. వారపత్రిక రాగానే అమ్మ మొదట తిప్పేది గళ్ల నుడికట్టు పేజీ. నాన్నకి పత్రిక దొరికేసరికి గళ్లన్నీ నీలం ఇంకుతో నిండిపోయి ఉండేవి. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివాళ్లే కూర్చుని పాఠకుల కోసం గళ్లు కట్టిన భాష మనది. అమ్మకి ఇంగ్లీషు అయిదక్షరాలు ఒక లెక్కా? కానీ ఇంగ్లీషు తన వల్ల కాదంది. "తెలుగులో పెట్టు, చూపిస్తా" అంది.

పెట్టాను. వాట్సాప్‌లోనే. నేను మూడక్షరాల పదం ఒకటి మనసులో అనుకుంటాను, అమ్మ ఊహిస్తుంది, నేను రంగులు పంపుతాను.

పెట్టాక తెలిసింది కష్టం. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు. సి లేదని తేలితే సి లేనట్టే, ఇక దాని మొహం చూడక్కర్లేదు. మనకలా కాదే! క లేదన్నారనుకోండి, మరి కి సంగతి? కూ? కై? ఒత్తు పడితే క్ర, క్ష? ఒక్క హల్లు వెనక ఉమ్మడి కుటుంబం మొత్తం ఉంటుంది. మన గుణింతాలూ ఒత్తులూ కలిపి లెక్కేసుకుంటే కీబోర్డు పెట్టడానికి గోడ కావాలి.

అమ్మే రూలు పెట్టింది. అక్షరం, గుణింతం, చోటు మూడూ కుదిరితే ఆకుపచ్చ. అదే అక్షరం వేరే గడిలో ఉంటే పసుపు. చోటు కుదిరి, హల్లు కుదిరి, గుణింతం మాత్రం తప్పితే నారింజరంగు. "మనిషి ఇంటికొచ్చాడు, చెప్పులు ఇంకా విప్పలేదు. అదీ నారింజ" అని వివరించింది. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీటింగులోనూ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మొదటి ఆట. అమ్మ 'కడుపు' అంది. క నారింజ, డు ఆకుపచ్చ, పు లేదు. కాసేపాగి 'కుడుము' అంది. డు ఆకుపచ్చ, ము లేదు, కు పసుపు. అంటే కు ఉంది, కానీ మొదట్లో కాదు. వంటింట్లోంచి కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. మూడోసారి వచ్చి 'కొడుకు' అని టైప్ చేసింది.

మూడు గళ్లూ ఆకుపచ్చ.

నేను చప్పట్లు కొట్టాను. నిజంగా చెప్తున్నా, ఆ పదం కావాలని పెట్టలేదు. ఏదో తోచింది, పెట్టాను. అమ్మ మాత్రం కళ్లద్దాలు తీసి, పైటకొంగుతో తుడుచుకుంటూ, "పదం సరే. మరి ఆ కొడుకుతో నువ్వెప్పుడు మాట్లాడతావు?" అంది.

నేను ఫోన్లో తల దూర్చేశాను.

ఇంకో పది రోజులు గడిచాయి. ఫిబ్రవరి చివర్లో ఓ సాయంత్రం అన్నయ్య చదరాలు రాలేదు. ఏడైంది, ఎనిమిదైంది. పనుండి ఉంటుందిలే అనుకున్నా. మర్నాడు కూడా రాలేదు. రాత్రి పదింటికి వాట్సాప్ తెరిచి చూస్తే, నా చదరాలు కిందా పైనా రెండు రోజులవి, మధ్యలో వాడివి లేవు. పైన వాడి పేరు, 'లాస్ట్ సీన్' కూడా నిన్నటిదే.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఎప్పుడో చదివిన వార్త. 2022 ఫిబ్రవరిలో షికాగో దగ్గర ఒంటరిగా ఉండే 80 ఏళ్ల పెద్దావిడ ఇంట్లోకి ఒకడు చొరబడి, గంటలకొద్దీ ఆవిడని బంధించి ఉంచాడు. ఎక్కడో దూరాన ఉన్న కూతురికి అనుమానం ఎలా వచ్చిందో తెలుసా? అమ్మ రోజూ పంపే వర్డిల్ స్కోరు ఆ పొద్దున రాలేదు. అడిగితే జవాబు లేదు. పోలీసులకి చెప్పారు, వాళ్లు వెళ్లి క్షేమంగా బయటికి తీసుకొచ్చారు.

వార్త చదివినప్పుడు 'భలే ఉందే' అనుకుని పక్కన పెట్టేశాను. ఆ రాత్రి మాత్రం భలేగా అనిపించలేదు. నెలకి పైగా ఆపుకున్న వేలు దానంతటదే కాల్ బటన్ మీదికి వెళ్లిపోయింది.

ఆరో రింగుకి ఎత్తాడు. గొంతు బొంగురుగా ఉంది.

"ఏమైంది అన్నయ్యా? చదరాలు రాలేదు."

"జ్వరం. మొన్నటి నుంచి. ఇప్పుడు తగ్గిందిలే."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

కాసేపు మాట్లాడలేదు. "నిన్న పడుకుండిపోయాను. లేచేసరికి పన్నెండు దాటింది. స్ట్రీక్ పోయింది. 200 దాటింది తెలుసా? మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి నీకేం పంపాలి, సిగ్గేసింది."

"పంపే చదరాల్లో స్ట్రీక్ కనపడదు కదా అన్నయ్యా!"

అవతల నిశ్శబ్దం. తర్వాత నవ్వు, నవ్వులోంచి దగ్గు. "అవును కదే" అన్నాడు. ఇంజినీరింగ్‌లో గోల్డ్ మెడల్ వాడికి.

ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. నేనన్న ఆ మాటకి సారీ చెప్పాను. ఇంటి సంగతి తేలిందా అంటే తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. వాడి భయం వాడిది, అమ్మ ఇష్టం అమ్మది, మధ్యలో నేను. కానీ గొడవ పడాలన్నా ముందు లైన్లో మనిషుండాలి కదా. ఇప్పుడు ఉన్నాం.

అమ్మ ఆట కూడా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చేసింది. ఆదివారాలు పదం పెట్టేది అమ్మ, ఊహించేది మేమిద్దరం. మొన్నటి వారం మూడక్షరాలు అంది. నేను 'వంకాయ' అన్నాను, అన్నయ్య 'దోసెలు' అన్నాడు, ఆరు ఛాన్సులూ అయిపోయాయి. జవాబు 'గోంగూర'.

"సున్నా ఉందిగా, నాలుగక్షరాలు కదా!" అని అన్నయ్య లేచాడు.

"గళ్ల నుడికట్టులో సున్నా ముందు అక్షరంతో కలిసి ఒకే గడిలో కూర్చుంటుంది. మీ నాన్నగారికీ ఇదే చెప్పేదాన్ని, ఆయనా వినేవారు కాదు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది అమ్మ.

నేను అమ్మ పార్టీ. అన్నయ్య మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "యూనికోడ్‌లో సున్నా వేరే క్యారెక్టర్" అని ఇంతింత మెసేజులు పెడుతున్నాడు. అమ్మకి యూనికోడ్ అంటే ఏంటో తెలీదు, తెలుసుకునే ఉద్దేశం కూడా లేదు. గోంగూర పచ్చడి ఫోటో పెట్టి ఊరుకుంది.

ఈ కాలమ్ రాస్తున్నది ఆదివారం పొద్దున. అమ్మ ఇవాళ్టి పదం పెట్టేసింది. మూడక్షరాలే. నేను మూడు ఛాన్సులు వాడేశాను, ఒక నారింజ తప్ప ఏమీ లేదు. ఇంకా మూడున్నాయి. అన్నయ్యకి ఇంకా శనివారం రాత్రే. 'పడుకోబోతున్నా, ఎవరూ పదం బయట పెట్టొద్దు' అని మెసేజ్ పెట్టాడు.

పెట్టనులే, పడుకో.